కొమొద తీరంలో మిగిలిపోయిన జిన్: బతికినందుకు పడే బాధను ఆట నిజంగా చూపించగలిగిందా?

ప్రశ్న: పెన్నాగట్టు, నెల్లూరు

2020లో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ అనే వీడియో గేమ్‌ను అప్పట్లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మీద పూర్తి చేశాను. 2024లో అది పీసీకి వచ్చాక ఈకీ ద్వీపం కథతో కలిపి మళ్ళీ ఆడాను. రెండోసారి ఆడుతున్నప్పుడు బలపడిన ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను. ముగింపుతో సహా అన్నీ చర్చకు వస్తాయి కనుక ఆట ఇంకా పూర్తి చేయనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

కథ 1274లో మంగోలులు జపాన్‌లోని సుషిమా ద్వీపం మీదికి దండెత్తి రావడంతో మొదలవుతుంది. కొమొద తీరంలో వారిని ఎదిరించిన సమురాయ్ యోధులు ఒక్క పూటలో నేలకూలుతారు. దొర అదాచి ద్వంద్వయుద్ధానికి రమ్మని ముందుకు వెళితే మంగోలుల నాయకుడు ఖోటున్ ఖాన్ ఆయన మీద మద్యం చల్లి నిప్పంటిస్తాడు. కథానాయకుడైన సమురాయ్ జిన్ మేనమామ షిమురా బందీగా చిక్కుతాడు. యుద్ధభూమిలో ప్రాణం మిగిలి పడి ఉన్న జిన్‌ను యూనా అనే దొంగ దాచి, గాయాలు మాన్పి బతికిస్తుంది. అంటే కథానాయకుడు తన వాళ్ళందరూ పోయిన చోట తానొక్కడే మిగిలిన మనిషిగా మనకు పరిచయమవుతాడు.

నా సందేహం ఇక్కడే. మాటల సన్నివేశాలలో అతని ముఖంలో కనిపించే భారం, ఆట మన చేతికి వచ్చిన మరుక్షణం కనిపించదు. గుర్రమెక్కి, పొలాల మీదుగా దౌడు తీసి, ఎదురైన గస్తీదళాన్ని నరికి, కొత్త కవచానికి రంగు వేయించుకుంటాం. ప్రతి హత్యతో జిన్ బలం పెరుగుతూనే ఉంటుంది. మనసు విరిగిన మనిషి కథను, ఎంత ఎక్కువమందిని చంపితే అంత ఎక్కువ బహుమానమిచ్చే ఆటలో చెప్పడం సాధ్యమేనా?

2021లో చేర్చిన ఈకీ ద్వీపం భాగం ఇందుకు భిన్నంగా ఉంది. అక్కడ మంగోలు నాయకురాలు ‘గ్రద్ద’ జిన్‌కు బలవంతంగా విషం తాగిస్తుంది. అప్పటినుంచి అతను ఏ కొండ ఎక్కుతున్నా ఆమె గొంతు వినిపిస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు తండ్రి కజుమసా దెబ్బతిని సాయానికి పిలిచినప్పుడు, భయంతో దాక్కుని కదలలేకపోయిన పిల్లవాడు మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు వస్తాడు. నన్ను ఈ భాగం చాలా కదిలించింది. అయినా మనిషి లోపల పుట్టే అపరాధ భావాన్ని శత్రువు పోసిన విషం వల్ల వచ్చినట్టు చూపించడం న్యాయమేనా అన్న ప్రశ్న మిగిలింది. మీ ఆలోచనలు వివరంగా రాయగలరు.

జవాబు: రామాయపట్నం కుర్రవాడు, కావలి

అన్నా, మీ మొదటి అభ్యంతరంతో నేను ఏకీభవించలేను. జిన్ ఆగకుండా పరుగెత్తడం అతను మరిచిపోయినందువల్ల అని మీరు అనుకుంటున్నారు. ఆగితే ఏం గుర్తొస్తుందో తెలుసు కనుకనే ఆగడం లేదని నాకు అనిపిస్తుంది. ఇందుకు ఆధారం ఆటలోనే ఉంది. వేడినీటి గుంటలో దిగినప్పుడు జిన్ దేని గురించి ఆలోచించాలో మనమే ఎంచుకుంటాం. హైకూ అనే చిన్న జపనీయ కవిత రాసే చోట అతను కూర్చుని ఒక్కొక్క పాదం కూర్చుకుంటాడు. పోరాటం లేని ఆ కొద్ది చోట్లలో అతని నోట వచ్చే మాటల్లో పోయినవాళ్ళు, ఓటమి, భయం తరచూ కనిపిస్తాయి. ఆ చోట్ల దగ్గర ఆగకుండా ముందుకు సాగిపోయే ఆటగాడికి జిన్ కేవలం యోధుడిగా కనిపించడం సహజం.

ఇంకొక విషయం. ఈ భారాన్ని ఆట జిన్ ఒక్కడి మీదే పెట్టలేదు. మసాకో అదాచి భర్తా కొడుకులూ కొమొదలో పోయారు. ఇంట్లో మిగిలిన కోడళ్ళనూ మనవలనూ ద్రోహులు చంపేశారు. ఆ వంశంలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె పగతో వెళ్ళే ప్రతి చోటా జిన్ పక్కన ఉంటాడు, ఆమె నిర్దోషుల మీద కత్తి ఎత్తినప్పుడు ఆపవలసి వస్తుంది. నోరియో అనే సన్యాసి కథ మరీ కఠినం. తోటి సన్యాసులు చనిపోయి తాను బతికాడు. అన్న ఎంజోను శత్రువులు మాటల్లో చెప్పలేనంత హింసించి వదిలితే, ఆ బాధ నుంచి అతన్ని విడిపించే పని నోరియో చేతుల మీదే జరిగింది. ఆ తరువాత నోరియో చేసిన పని చూసి జిన్ నిశ్చేష్టుడవుతాడు. వీళ్ళిద్దరి కథలనూ పక్క కథలుగా తీసేసి ఆడితే జిన్ మనసు సగమే అర్థమవుతుంది. మసాకోలో అతను తన కోపాన్నీ, నోరియోలో తన భయాన్నీ చూసుకుంటున్నాడని నా నమ్మకం.

జవాబు: మనసు మాట, ఒంగోలు

నేను ఒంగోలులో కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. ఆటలు ఆడడం తక్కువే కానీ, మా అబ్బాయి ఆడుతుంటే ఈకీ భాగం మొత్తం పక్కన కూర్చుని చూశాను. వృత్తిపరంగా రెండు మాటలు చెప్పాలని ఉంది.

నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడినవారిలో, తాము బతికినందుకు పడే ఈ బాధను 1960లలో మనోవైద్యుడు విలియం నీడర్లాండ్ విస్తృతంగా వర్ణించారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ణయ గ్రంథం మూడవ ముద్రణలో, తీవ్రమైన ఆఘాతం తరువాత వచ్చే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీని మొదటిసారి చేర్చినప్పుడు, ఇతరులు పోయి తాము మిగిలినందుకు కలిగే అపరాధ భావాన్ని ఆ రుగ్మత లక్షణాలలో ఒకటిగా పేర్కొంది. 1987 సవరణలో దానిని ప్రధాన లక్షణాల నుంచి తీసివేశారు. 2013 నాటి ఐదవ ముద్రణలో తనను తాను అకారణంగా నిందించుకోవడం, వదలని అపరాధ భావం, సిగ్గు మళ్ళీ లక్షణాలలోకి వచ్చాయి. ఇంత చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఈ బాధ తప్పు చేసినవారికే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఏ తప్పూ చేయనివారిలో, ముఖ్యంగా చేయడానికి ఏమీ లేని స్థితిలో చిక్కుకున్నవారిలో, ఇది బలంగా ఉండడం మేము చూస్తుంటాం.

ఎందుకలా జరుగుతుంది? దాక్కున్న పిల్లవాడు బయటికి వచ్చి ఉంటే ఏమయ్యేది? బహుశా వాడూ చనిపోయేవాడు. కానీ పెద్దవాడైన జిన్ ఆ సంఘటనను ఇప్పటి తన బలంతో, ఇప్పటి తన కత్తితో తలచుకుంటాడు. జరిగిపోయాక తెలిసిన సంగతులన్నీ అప్పుడే తెలిసి ఉండాల్సిందని మనసు తీర్పు చెబుతుంది. ఆ తీర్పు క్రూరమైనదే, అయినా మనిషి దాన్ని వదులుకోడు. ‘నేను చేయగలిగి చేయలేదు’ అనుకోవడంలో నొప్పి ఉన్నా, ‘ఎవరూ ఏమీ చేయగలిగేవారు కాదు’ అని ఒప్పుకోవడంలో ఉన్న నిస్సహాయత అంతకంటే భరించరానిది. కౌన్సెలింగ్‌లో మేము ఎక్కువ సమయం గడిపేది ఈ మలుపు దగ్గరే.

విషం గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది. గ్రద్ద గొంతు చెప్పే మాటలలో కొత్తవి తక్కువ. జిన్ ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంటున్న మాటలనే ఆమె పైకి అంటుంది. బాధితులు తరచూ తమ లోపలి నిందను ఎవరో పక్కనుంచి అంటున్నట్టుగానే వర్ణిస్తారు. అందువల్ల విషం అన్న ఉపాయం నాకు అన్యాయంగా కనిపించలేదు. గ్రద్దను ఓడించడంతో ఆ గొంతు అణగిపోయినట్టు చూపించడం మాత్రం అన్యాయమే. నిజ జీవితంలో అలా ఒక్క రోజులో అణగదు.

మరొకటి కూడా గమనించండి. కొమొదలో బతికినందుకు పడే బాధ వేరు, ఆ తరువాత విషప్రయోగంతో, వెనకనుంచి పొడవడంతో తన వంశధర్మాన్ని తానే ఉల్లంఘించినందుకు పడే బాధ వేరు. రెండవదాన్ని నైతిక గాయం అంటాం. మొదటిసారి చాటుగా చంపినప్పుడు, శత్రువు కళ్ళలోకి చూసి పోరాడమని మేనమామ నేర్పిన పాఠం జిన్‌కు గుర్తుకు రావడం ఆ గాయానికి చెందినది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసిపోయి ఉండడం వల్లనే ఈ పాత్ర మనకు సజీవంగా తోస్తుంది.

ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా ఇటువంటి బాధ సొంతమైతే, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. అది ఉచితం.

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, నెల్లూరు

నాయనా, మీ ఆటను నేను ఎరుగను. ఒంగోలు అమ్మగారు రాసినది చదివాక మాత్రం చెప్పక ఉండలేకపోతున్నాను. మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. యుద్ధమూ ఆయన వాటాకే వచ్చింది, యుద్ధం ముగిశాక మిగిలినవారి బాధా ఆయన వాటాకే వచ్చింది.

సౌప్తిక పర్వాన్ని గుర్తు చేసుకోండి. చివరి రాత్రి కృష్ణుడు పాండవులనూ సాత్యకినీ శిబిరానికి దూరంగా తీసుకువెళ్ళాడు. ఆ రాత్రే అశ్వత్థామ శిబిరంలో జొరబడి నిద్రపోతున్నవారిని, ద్రౌపది కొడుకులు ఐదుగురితో సహా, చంపాడు. తెల్లవారాక ధృష్టద్యుమ్నుని సారథి ఒక్కడు తప్పించుకు వచ్చి ఆ వార్త చెప్పాడు. ధర్మరాజు ఆ రాత్రి శిబిరంలో లేకపోవడం వల్ల బతికాడు. అందులో అతని తప్పేమీ లేదు. అయినా స్త్రీపర్వం దాటి శాంతిపర్వంలో అడుగుపెట్టేసరికి, గెలిచిన ఆ రాజు రాజ్యం వద్దని, అడవికి పోతానని కూర్చుంటాడు.

అమ్మగారు చెప్పిన ‘అప్పుడే తెలిసి ఉండాల్సింది’ అన్న తీర్పు అక్కడ ఎంత సూక్ష్మంగా ఉందో చూడండి. కర్ణుడు తన అన్న అని తల్లి చెప్పిన తరువాత, జూదపు సభలో కర్ణుని పాదాలు చూసినప్పుడు అవి కుంతి పాదాలను పోలి ఉండడం వల్ల తన కోపం చల్లారిందని ధర్మరాజు తలచుకుంటాడు. అంటే ఆనవాలు కళ్ళెదుటే ఉందని, తాను పోల్చుకోలేకపోయానని కుమిలిపోతాడు. భీముడు మందలించాడు, అర్జునుడు వాదించాడు, ద్రౌపది నిష్ఠూరమాడింది, వ్యాసుడు ధర్మం చెప్పాడు. ఎవరి మాటా వెంటనే పనిచేయలేదు. చివరకు అతన్ని అంపశయ్య మీద ఉన్న భీష్ముని దగ్గరకు తీసుకువెళ్ళారు. తన వల్ల పడిపోయినవాని పక్కనే కూర్చుని, అతని నోటనే వినవలసి వచ్చింది. మీ జిన్‌కు అటువంటి సంభాషణ ఎవరితోనైనా దొరికిందా? ఆట ఎరిగినవారు చెప్పండి.

జవాబు: కొత్తపట్నం వాసి

మాష్టారూ, దొరికిందనే నేను అనుకుంటున్నాను. ఈకీలో జిన్‌కు తోడుగా పోరాడే తెంజో అనే వాడే అతని తండ్రిని చంపినవాడని తరువాత బయటపడుతుంది. ఆ తండ్రిని ఆ ద్వీపం కసాయిగా గుర్తుంచుకుందన్న సంగతి కూడా జిన్ మింగవలసి వస్తుంది. తాను కాపాడలేకపోయానని ఇన్నేళ్ళు ఏడ్చిన మనిషి ఎవరో, అతని చేతిలో ఎవరెవరు పోయారో, చంపినవాని నోట వింటాడు. మీరు చెప్పిన భీష్ముని సన్నివేశానికి ఆటలో దగ్గరగా వచ్చేది ఇదే.

మొదటి ప్రశ్నకు నా జవాబు మా ఇంటినుంచే వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మా పెద్దనాయన వేటలో ఉన్నాడు. లోతు నీటిలో ఆ అల పెద్దగా పైకి లేవదు, తీరం దగ్గరే లేస్తుంది. ఎప్పుడూ ప్రమాదంలో ఉండేవాళ్ళు సముద్రం మీద ఉన్నవాళ్ళే. ఆ రోజు మాత్రం బోటులో ఉన్న ఆయన క్షేమంగా ఉన్నాడు, గట్టున వల బాగు చేసుకుంటున్న ఆయన తమ్ముడు పోయాడు. పెద్దనాయన ఆ తరువాత ఒక్క పూట ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. తమ్ముడి పిల్లలను చదివించాడు, పెళ్ళిళ్ళు చేశాడు, ఊరిలో ఎవరి బోటు చెడినా ముందు తానే వెళ్ళేవాడు. అందరూ ఆయన్ని గట్టి మనిషి అన్నారు. పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని కాళ్ళకు మొక్కే రోజున మాత్రం ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు.

అందుకే జిన్ ఆగకుండా పరుగెత్తడం నాకు కృత్రిమంగా అనిపించలేదు. కావలి తమ్ముడు చెప్పింది నిజం. ఆటలో లోపం ఎక్కడ ఉందంటే, ఆ పరుగు వల్ల జిన్ ఏం పోగొట్టుకుంటున్నాడో మన చేతికి తెలియనివ్వకపోవడంలో ఉంది. అలసట లేదు, చేయి వణకదు, నిద్రలేమి లేదు. ఈకీలో భ్రమలు ఆటగాడి దారికి అడ్డం రావడం వల్లనే ఆ భాగం మీకు ఎక్కువ నిజంగా తోచింది.

ప్రశ్న అడిగినవారి జవాబు: పెన్నాగట్టు, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. పెద్దనాయన గారి గురించి రాసినందుకు కొత్తపట్నం మిత్రునికి ప్రత్యేకంగా. ఆ భారం ఆట ఆడే చేతికి తెలియాలన్న మీ మాటతో నా ప్రశ్న తేలికపడింది. జిన్ మనసును ఆట అర్థం చేసుకుంది, దాన్ని మీటల దాకా తేవడం మాత్రం ఈకీలోనే నేర్చుకుంది.

మాష్టారి ప్రశ్న వల్ల నాకు ముగింపు కొత్తగా కనిపిస్తోంది. చివర షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) ఆజ్ఞ ప్రకారం మేనమామా మేనల్లుడూ కత్తులు దూస్తారు. ఓడిన షిమురా యోధునికి తగిన మరణం ఇమ్మని కోరతాడు. చంపాలా, వదలాలా అన్నది మన చేతిలో ఉంటుంది. మొదటిసారి నేను ఆయన కోరిక తీర్చాను, అదే గౌరవమని అనుకున్నాను. ఒంగోలు అమ్మగారి మాటలు చదివాక అది వేరుగా అనిపిస్తోంది. కొమొద నుంచి ప్రాణాలతో బయటపడిన ఇద్దరిలో ఒకణ్ణి రెండోవాడు తన చేత్తో చంపి, మళ్ళీ ఒక్కడే మిగులుతున్నాడు. వదిలేసిన ముగింపులో, తనకు గౌరవం లేకపోయినా తన కుటుంబాన్ని చంపనని జిన్ అంటాడు. నాకు తెలిసి, పోయినవారికి బాకీ ఉన్నానన్న లెక్కను అతను పక్కన పెట్టడం ఆట మొత్తంలో ఆ ఒక్కచోటే జరుగుతుంది. కావలి తమ్ముడు దీనికి ఒప్పుకోడేమో. మేనమామ అవమానంతో బతకాల్సి వస్తుందన్న వాదన ఉంది, అది చిన్నదేమీ కాదు. మీరు ఏది ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో రాయండి.