పిల్లుల్ని గళ్ళల్లో సర్దుతుంటే మనసు ఎందుకింత తేలికపడుతోంది?

వెన్నెలబాట:

రెండు నెలలుగా రాత్రి పడుకునే ముందు ఓ అరగంట ‘క్యాట్స్ ఆర్గనైజ్డ్ నీట్లీ’ ఆడుతున్నాను. ఆడనివాళ్ళ కోసం చెప్తాను. ఒక గళ్ళ పలక ఉంటుంది, పక్కన కొన్ని పిల్లులు ఉంటాయి, ఒకటి ఒళ్ళు చాచి, ఒకటి ముడుచుకుని, ఇంకొకటి తోక పక్కకి పెట్టి, ఒక్కో పిల్లిదీ ఒక్కో ఆకారం. వాటిని తిప్పుకుంటూ ఒక్క గడి కూడా ఖాళీ మిగలకుండా అన్నిటినీ పలకలో పట్టించాలి. అంతే. టైమర్ లేదు, శత్రువులు లేరు, ఓడిపోవడం అనేదే లేదు.

నా సందేహం ఏంటంటే, ఇది విశ్రాంతి ఎలా అవుతుంది? బుర్ర ఖాళీగా ఏం ఉండదు కదా, ఒక్కోసారి ఒకే లెవెల్ మీద నలభై నిమిషాలు కూర్చుంటాను, కళ్ళు మూసుకుంటే కూడా ఆ ఆకారాలే తిరుగుతుంటాయి. అయినా ఫోన్ పక్కన పెట్టేసరికి పొద్దున్నుంచీ ఉన్న టెన్షన్ దిగిపోయి ఉంటుంది. అదే అరగంట ఏమీ ఆలోచించకుండా వీడియోలు చూస్తూ పోతే ఇంకా అలిసిపోతాను. ఏమీ చేయకపోతే అలసట, బుర్ర పెట్టి పనిచేస్తే విశ్రాంతి, ఇది నాకు అర్థం కావడం లేదు.

రెండోది, ఇందులో జంతువుల పాత్ర ఎంత? ఇలాంటిదే రంగు రంగుల దిమ్మలతో ఉన్న గేమ్ ఒకటి పెట్టుకుని చూశాను. పద్ధతి అదే, తేడా ఏమీ లేదు. పది లెవెల్స్ తర్వాత మళ్ళీ తెరవబుద్ధి కాలేదు.

ఇంకొకటి, ఈ పిచ్చిలో నేనే ఒక పజిల్ తయారుచేద్దామని అట్టముక్క మీద అయిదు పిల్లుల్ని గీసి కత్తిరించాను. నాలుగు గళ్ళు కలిపితే ఎన్ని ఆకారాలు వస్తాయో అన్నీ ఒక్కోటి: పొడుగ్గా చాచుకున్నది, చదరంగా ముడుచుకున్నది, తోక పక్కకి తిప్పిన ఎల్ ఆకారం, మెట్టులా వంకరగా పడుకున్నది, మధ్యలో ఒక కాలు బయటికి పెట్టిన టి ఆకారం. మొత్తం ఇరవై గళ్ళు కాబట్టి 4 వరుసలు, 5 నిలువులు ఉన్న పలక గీశాను. రెండు రోజులుగా పట్టించలేకపోతున్నాను. ఎవరికైనా వస్తే చెప్పండి ప్లీజ్.

తాబేలునడక:

మీ మొదటి ప్రశ్నకి నాకు తోచింది చెప్తానండీ. నేను ఈ రకం పజిల్స్ చిన్నప్పుడు సోకోబాన్‌తో మొదలుపెట్టాను. 1982లో జపాన్‌లో వచ్చిన గేమ్ అది, గోదాములో పెట్టెల్ని తోసి గుర్తు పెట్టిన చోట్లకి చేర్చాలి. పెట్టెని తోయడమే కానీ వెనక్కి లాగడం ఉండదు. ఒక పెట్టె మూలలోకి పోయిందంటే ఇక దాన్ని ఎవరూ కదపలేరు, ఆ సంగతి మనకి ఇరవై అడుగుల తర్వాత తెలుస్తుంది. అద్భుతమైన గేమ్, దాని మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు, కానీ రాత్రి పడుకునే ముందు మాత్రం ఆడను, ఎందుకంటే ప్రతి అడుగూ వేసే ముందు భయం ఉంటుంది.

మీ పిల్లుల గేమ్‌లో ఆ భయం లేదు. పెట్టిన పిల్లిని మళ్ళీ తీయొచ్చు. ఎప్పుడైనా, ఏ వరుసలోనైనా, ఎన్నిసార్లయినా. పదో పిల్లి దగ్గర ఇరుక్కుంటే మూడోదాన్ని మాత్రం తీసి వేరే చోట పెట్టి చూడొచ్చు, మిగతావి కదలకుండా అలాగే ఉంటాయి. నా ఉద్దేశంలో విశ్రాంతి అంతా అక్కడే ఉంది. మన పగటి పనుల్లో ఒక్కటి చెప్పండి, తప్పు చేస్తే తీసి పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టగలిగేది. పంపిన మెయిల్ వెనక్కి రాదు, అన్న మాట అసలే రాదు. ఇక్కడ తప్పుకి ఖరీదు లేదు కాబట్టి బుర్ర ఎంత కష్టపడినా అది భారంగా అనిపించదు. ఆలోచించడం వల్ల మనం అలిసిపోవడం లేదు, తప్పు జరుగుతుందేమో అని కాచుకుని ఉండడం వల్ల అలిసిపోతున్నాం.

పైగా సమస్య మొత్తం ఒకే తెర మీద కళ్ళ ముందు ఉంటుంది. దాచిపెట్టింది ఏదీ లేదు, రేపు ఇంకొకరు వచ్చి కొత్త షరతు పెట్టరు. వీడియోల్లో మీరు అలిసిపోవడానికి కారణం కూడా దీనికి ఉల్టా అనుకుంటున్నాను, అక్కడ ఏదీ పూర్తి కాదు, ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటుంది.

ఊలుబంతి:

జంతువుల సంగతి నేను మాట్లాడతాను, ఎందుకంటే చాలామంది దీన్ని పైపై అలంకారం అని కొట్టిపారేస్తారు, నాకు బాధేస్తుంది.

ముద్దుగా ఉంటాయి, అది నిజమే. పెద్ద తల, పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు చూస్తే మనలో పసిపిల్లల్ని చూసుకోవాలనే భావం కదులుతుందని జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు. కానీ అది సగమే. పజిల్ ఆడేటప్పుడు జంతువు ఇంకో పని చేస్తుంది. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు, దిమ్మలతో చేసిన రెండు బొమ్మలు చూపించి ఇవి రెండూ ఒకటేనా కాదా అని అడిగారు. ఒక బొమ్మ రెండోదానికంటే ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబు చెప్పడానికి అంత ఎక్కువ సమయం పట్టింది, కోణం పెరిగే కొద్దీ సరిగ్గా అదే లెక్కలో. అంటే మనం మనసులో ఆ బొమ్మని నిజంగానే తిప్పి చూస్తున్నాం అన్నమాట. ఆలోచించండి, వట్టి దిమ్మకి తల ఏదో తోక ఏదో ఉండదు, తిప్పాక ఏ కొస ఎటు పోయిందో మళ్ళీ వెతుక్కోవాలి. పిల్లికైతే ముఖం ఉంది! ‘దీని తల ఆ మూలకి, తోక ఈ సందులోకి’ అని ఒక్క మాటలో మనసుకి చెప్పుకోవచ్చు. నాకైతే దిమ్మలకంటే పిల్లుల్ని గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. ‘బద్ధకం పిల్లి ఎప్పుడూ అంచునే పడుకుంటుంది’ అని నాకు నేను పేర్లు పెట్టుకుంటాను కూడా.

టాన్‌గ్రామ్ అనే చైనా పజిల్ చూడండి, ఏడే ముక్కలు, తిన్నటి అంచులు. కానీ వాటితో జనం ఇష్టంగా చేసేది పిల్లి, కుందేలు, బాతు, చేప. ముక్కలు కలిసి ఒక ప్రాణిలా కనబడిన ఆ క్షణంలో వచ్చే సంతోషం వేరు.

మా అమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. రిటైరయ్యాక ఇంట్లో పొద్దు గడవక దిగులుగా ఉండేది, ఏ గేమ్ చూపించినా ‘నాకు రాదమ్మా, పాడుచేస్తాను’ అనేది. ఒకరోజు పక్షుల్ని గూళ్ళలో సర్దే పజిల్ ఒకటి తెరిచి ట్యాబ్ ఆమె ఒళ్ళో పెట్టి, ‘ఇది పాడు కాదు, ఎక్కడైనా పెట్టు, నచ్చకపోతే తీసెయ్’ అన్నాను. తాబేలునడక గారు చెప్పిన మాటే, అప్పుడు నాకు తెలియకుండా అన్నాను. ఆ రోజు నాలుగు లెవెల్స్ చేసింది. ఇప్పుడు నేను ఇరుక్కున్నవి తను విప్పుతుంది. దీనివల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుంది లాంటి మాటలు నేను చెప్పను. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే తెర చూస్తూ గంటసేపు మాట్లాడుకుంటున్నాం, నాకు అది చాలు.

నిద్రగన్నేరు:

కొంచెం విభేదిస్తాను. జంతువులు ఉన్నాయి కదా అని ప్రశాంతంగా ఉంటుందనుకుంటే దెబ్బతింటారు. 2015లో వచ్చిన స్నేక్‌బర్డ్ చూడండి, గుండ్రటి ముఖాలు, రంగులు, పండ్లు, చూస్తే చిన్నపిల్లల గేమ్. పామూ పక్షీ కలిసిన జీవి, పండు తింటే ఒక గడి పొడుగవుతుంది, కింద ఆధారం లేకపోతే పడిపోతుంది. ఆడి చూడండి తెలుస్తుంది, మొదటి పది లెవెల్స్‌లోనే నాకు చెమటలు పట్టాయి. అన్‌డూ కూడా ఉంది అందులో! కాబట్టి వెనక్కి తీసుకోగలగడం ఒక్కటే సరిపోదు, తర్వాత ఏం చేయాలో కాస్తయినా తోచాలి. తర్వాత 2019లో స్నేక్‌బర్డ్ ప్రైమర్ అని తేలిక లెవెల్స్‌తో ఇంకోటి తెచ్చారు, అది నాకు ప్రాణం. అవే జీవులు, అవే నియమాలు, ఒకటి టెన్షన్, ఇంకొకటి హాయి. తేడా అంతా లెవెల్ కట్టిన పద్ధతిలో ఉంది.

ఇంకో మాట, ఉచితంగా దొరికే జంతువుల పజిల్స్ గురించి. నేను పెట్టుకున్న ఒకదాంట్లో రెండు లెవెల్స్‌కి ఒక యాడ్, ఓడిపోతే కుక్కపిల్ల ఏడుస్తున్న బొమ్మ, దాన్ని కాపాడాలంటే డబ్బు కట్టు లేదా ఇంకో యాడ్ చూడు. మనకి జంతువుల మీద ఉన్న జాలిని పట్టుకుని లాగుతున్నారు అది. ఊలుబంతి గారు చెప్పిన ఆ మమకారాన్నే తిప్పి మన మీద వాడడం. నాకు నిజంగా కోపం వచ్చింది, ఆ రోజే తీసేశాను. కొనేముందు నేను చూసేవి మూడే: టైమర్ ఉందా, లెవెల్ దాటేసి ముందుకు పోనిస్తుందా, నెట్ లేకుండా ఆడొచ్చా.

పిల్లి పావుగా కాకుండా మనిషిని విసిగించే పిల్లిగానే ఉండాలంటే 2022లో వచ్చిన ‘ఎ లిటిల్ టు ది లెఫ్ట్’ ఉంది, మనం వస్తువులు వరుసగా సర్దుతుంటే పిల్లి వచ్చి పంజాతో చెదరగొడుతుంది. తెరకి దూరంగా ఉండాలనుకునే రోజుల్లో కాస్కేడియా అనే బోర్డ్ గేమ్ ఆడతాను. ఎలుగుబంటి, దుప్పి, సాల్మన్ చేప, డేగ, నక్క, వీటిని ఆరు అంచుల పలకల మీద పక్కపక్కన పెట్టాలి, ఒక్కో జంతువుకి ఇరుగుపొరుగు ఎవరుండాలనే దానికి ఒక్కో నియమం. ఏటా ఒక మంచి గేమ్‌కి జర్మనీవాళ్ళు ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి 2022లో దానికే వచ్చింది.

నల్లగడి_తెల్లగడి:

వెన్నెలబాట గారూ, మీ అట్టముక్కల పిల్లులు ఎప్పటికీ పట్టవు. మీ తప్పు కాదు. ఆ అయిదింటితో ఏ దీర్ఘచతురస్రమూ రాదు, ఎందుకో చెప్తాను, చాలా అందమైన కారణం.

మీ పలకకి చదరంగం బల్లలాగా ఒక గడి నలుపు, ఒక గడి తెలుపు రంగు వేయండి. 20 గళ్ళలో 10 నలుపు, 10 తెలుపు వస్తాయి. ఇప్పుడు ఒక్కో పిల్లినీ పెట్టి చూడండి. పొడుగు పిల్లి ఎలా పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతుంది. చదరం పిల్లీ అంతే, ఎల్ పిల్లీ అంతే, మెట్టు పిల్లీ అంతే. టి పిల్లి ఒక్కటే మొండిది, మధ్య గడి ఒక రంగు, చుట్టూ ఉన్న మూడూ రెండో రంగు, అంటే 3, 1. మొత్తం కలిపితే 11, 9 అవుతుంది, పలకకేమో 10, 10 కావాలి. ఎన్ని రాత్రులు కూర్చున్నా కుదరదు. 2 వరుసలు, 10 నిలువులు పెట్టుకున్నా ఇదే లెక్క.

ఇలాంటి గళ్ళ ఆకారాలకి పాలియోమినోలు అని పేరు, 1953లో సోలమన్ గోలోంబ్ అనే అమెరికా గణితజ్ఞుడు పెట్టాడు. అయిదు గళ్ళవి తీసుకుంటే 12 ఆకారాలు వస్తాయి, ఆ పన్నెండింటినీ 6×10 పలకలో 2339 రకాలుగా సర్దొచ్చు. అదే 60 గళ్ళని 3×20 పలకగా చేస్తే మాత్రం రెండే రెండు దారులు! పావులు అవే, పలక సన్నబడిందంతే. నిద్రగన్నేరు గారు చెప్పిన ‘లెవెల్ కట్టిన పద్ధతి’ అంటే నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి. దారులు బోలెడు ఉన్న పలకలో ఎటు వెళ్ళినా ఏదో ఒకటి తగులుతుంది, మనసు తేలిగ్గా ఉంటుంది. రెండే దారులున్న చోట వేట మొదలవుతుంది.

టి పిల్లిని తీసేసి దాని స్థానంలో ఇంకో ఎల్ పిల్లిని కత్తిరించండి. ఈసారి రంగుల లెక్క సరిపోతుంది. జవాబు నేను చెప్పను, మీరే చూడండి.

వెన్నెలబాట:

నల్లగడి_తెల్లగడి గారూ, పెన్సిల్‌తో రంగులు వేసి టి పిల్లిని పలక మీద ప్రతి చోటా పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా మూడు ఒక రంగు, ఒకటి ఇంకో రంగు. రెండు రోజులు చేతకావడం లేదని బాధపడిన దాన్ని, ఇది అసలు కుదరనిదని తెలిసి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

రెండో ఎల్ పిల్లిని కత్తిరించి నిన్న రాత్రి కూర్చున్నాను. వచ్చింది! పై వరుసలో ఎడమ నుంచి నాలుగు గళ్ళూ పొడుగు పిల్లి. మిగిలిన అయిదో గడిలో ఒక ఎల్ పిల్లి తోక పెట్టి, ఒళ్ళంతా రెండో వరుసలో కుడివైపు మూడు గళ్ళలో పరుచుకుంది. కింద కుడి మూలలో చదరం పిల్లి. రెండో ఎల్ పిల్లి ఎడమ అంచున నిలువుగా నిలబడి కింద కాలు చాపింది. వాటి మధ్య మిగిలిన వంకర సందు చూసి నవ్వొచ్చేసింది, అచ్చం మెట్టు పిల్లి పడుకున్నట్టే ఉంది, చేతిలో ఉన్నది కూడా అదొక్కటే.

ఊలుబంతి గారూ, మీరు చెప్పాక అయిదింటికీ ముఖాలు గీశాను. టి పిల్లికి కూడా గీశాను, దాన్ని పారేయబుద్ధి కాలేదు. ఇంకో టి పిల్లిని చేసి రెండిటికీ కలిపి కొత్త పలక గీయాలని ఉంది. ఎంత సైజు పెట్టమంటారు?