వరద వస్తే మా లంక ఎంత తట్టుకుంటుందో లెక్క కట్టడం ఎలా?

లంకమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక ఊరు. చుట్టూ గోదావరి పాయలు, బయటికి రావడానికి ఒక కాజ్‌వే, అంటే ఏటిపాయ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి. 2022 జులై వరదకి మా ఇంట్లో కిటికీ దాకా నీళ్లొచ్చాయి, పది రోజులు ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నాం. ఇప్పుడు మా డ్వాక్రా సంఘాల వాళ్లం, ఐదారుగురు డిగ్రీ పిల్లలు కలిసి, మళ్లీ అంత వరద వస్తే ఊరు ఎంత తట్టుకుంటుంది, ఎంత త్వరగా కోలుకుంటుంది అని ఒక లెక్క రాద్దామనుకుంటున్నాం. నెట్‌లో వెతికితే ఐదు రకాల వనరులు, 44 అంశాలు అంటూ పెద్ద పెద్ద పట్టికలు దొరికాయి. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూసి ఊళ్లోకి వెళ్తే ఎవరిని ఏం అడగాలో తోచడం లేదు. 180 ఇళ్లు ఉంటాయి. చేతిలో డబ్బులేం లేవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఏటిగట్టు:
అమ్మా, మీరు చూసింది జ్యూరిక్ ఇన్సూరెన్స్ వాళ్లూ కొన్ని స్వచ్ఛంద సంస్థలూ కలిసి తయారుచేసిన పద్ధతి. మనుషుల ఆరోగ్యం, చదువు ఒక మూట. ఒకరికొకరు సాయపడే తీరు ఇంకొకటి. కట్టడాలు, ప్రకృతి, డబ్బు మిగతా మూడు. ఈ ఐదింటి కింద 44 అంశాలు పెట్టి, ఇంటింటి సర్వే, గుంపు చర్చలు, ఆఫీసు కాగితాలు చూసి ఒక్కోదానికి ఎ నుంచి డి వరకు గ్రేడు వేస్తారు. వరద రాకముందు ఒకసారి వేసి, వచ్చి పోయాక ఏది నిలబడింది ఏది కూలింది చూస్తారు. మంచి పద్ధతే, నేను ఇలాంటి సర్వేల్లో పనిచేశాను. కానీ శిక్షణ లేకుండా మీరు 44 తలకెత్తుకుంటే మూడో రోజుకి అలిసిపోతారు.

నన్నడిగితే రోజులు లెక్కపెట్టండి. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి అంటే ప్రతి ఇంట్లోనూ గోడ మీద మరక చూపిస్తారు, అది ఆ ఇల్లు ఎంత పల్లంలో ఉందో చెబుతుంది, అంతే. పక్కపక్క ఇళ్లకి ఒకే మరక ఉంటుంది, ఒకళ్లు పదిహేను రోజుల్లో మామూలు మనుషులైపోతారు, రెండో ఇల్లు ఏడాదైనా తేరుకోదు. అందుకని ప్రతి ఇంట్లో అడగండి: ఇంటికి ఎన్నో రోజున తిరిగొచ్చారు, సొంత పొయ్యి ఎప్పుడు వెలిగింది, కరెంటు, మంచినీళ్లు ఎప్పుడొచ్చాయి, మొదటి కూలి డబ్బు ఎన్నో రోజున చేతికొచ్చింది, పిల్లలు బడికి మళ్లీ ఎప్పుడు వెళ్లారు, వరదలో చేసిన అప్పు తీరిందా. ఇవన్నీ రాశాక ఊరి మొత్తానికి సగటు తీయకండి. దయచేసి తీయకండి. అన్నిటికన్నా ఆఖరున కోలుకున్న ఇరవై ఇళ్లు విడిగా రాసి, ఆ ఇరవైలో ఉమ్మడిగా ఏముందో చూడండి. నేను చూసిన ఊళ్లలో ఎక్కువగా కౌలు రైతులు, ఒంటరి ఆడవాళ్లు, గట్టుకి లోపలివైపు ఇల్లున్నవాళ్లు తేలారు. మీ ఊళ్లో ఇంకెవరైనా తేలవచ్చు.

రిటైర్డ్ మాస్టారు:
పై మాట బాగుంది, దానికి ఒకటి కలపండి. 2022ని గరిష్ఠం అనుకుని లెక్క వేయొద్దు. అప్పుడు భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల పైచిలుకు క్యూసెక్కులు వదిలారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఆ వరద చూసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు. వాళ్లని వెంటబెట్టుకుని ఊరంతా నడిచి, అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ వైపు నుంచి ముందు ఎక్కాయో గుర్తులు పెట్టించుకోండి. ఇప్పుడు డాబాలు కట్టుకున్నాం కదా భయం లేదంటారు కొంతమంది, ఆ డాబా మెట్లు 86 నీటికి ఎంతవరకు మునుగుతాయో వాళ్లకే చూపించండి.

ఇంకో పని. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారని అందరికీ తెలుసు. టీవీలో ఆ అంకె వినగానే మీ ఊళ్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాసిపెట్టుకోరు. కనకాయలంక కాజ్‌వే లాంటివి మొదటి హెచ్చరికకి ముందే మునుగుతుంటాయి. మీ కాజ్‌వే ఎంతకి మునుగుతుంది, పడవల రేవు ఎంతకి పనికిరాకుండా పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నీళ్లు ఎప్పుడొస్తాయి, ఇవి నాలుగు వరుసలు రాసి రామాలయం గోడ మీద, అంగన్‌వాడీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పాత తేదీలు ఫోన్లలో ఫోటోల కింద ఉంటాయి, వాటితో ఆ రోజు బ్యారేజీ నీటిమట్టం సరిచూసుకోవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉంటే పోటు వేళ నీళ్లు తొందరగా లాగవు, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

సింగ్‌నగర్ వాసి:
మాది విజయవాడ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా ఇళ్లలోకి వచ్చింది. మీకు గోదావరి కనీసం చెప్పి వస్తుంది, భద్రాచలంలో పెరిగిందంటే సర్దుకోవడానికి కాస్త టైం ఉంటుంది. మాకు పొద్దున లేచేసరికి వీధిలో మోకాలి లోతు, కాసేపటికి నడుము లోతు. మాది రెండో అంతస్తు కాబట్టి ఇంట్లోకి చుక్క రాలేదు. ఎవరైనా సర్వే చేసి ఉంటే మా ఇంటికి మంచి గ్రేడే వేసేవాళ్లు. కానీ మోటారు మునిగింది కాబట్టి ట్యాంకులో నీళ్లు లేవు, కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, మా అమ్మకి షుగర్ మందులు రెండు రోజులకే మిగిలాయి. ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పలేను. డ్రోన్లతో కూడా ఆహారం వేశారు, అది మా మేడ మీదకి మూడో రోజున అందింది. అందుకని ఇల్లు నిలబడుతుందా అనే కాకుండా, ఒకటి పోతే రెండోది ఉందా అని ప్రతిదానికీ అడగండి. బోరు పోతే నీళ్లెక్కడ, కాజ్‌వే పోతే పడవ ఏది, పడవ నడిపే మనిషి ఊళ్లో లేకపోతే ఇంకెవరికి వచ్చు.

ఇంకోటి, మా అనుభవంలో కాగితాలే పెద్ద తలనొప్పి. ప్రభుత్వం కింది అంతస్తు వాళ్లకి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు ప్రకటించింది. కింద అద్దెకుండే కుటుంబం ఆధార్‌లో ఇంకా పాత అడ్రసే ఉంది, లెక్క రాయడానికి వచ్చినప్పుడు వాళ్లు బంధువుల ఊళ్లో ఉన్నారు, పేరు ఎక్కించుకోవడానికి ఎన్ని రోజులు తిరిగారో. మీరు ఇప్పుడే ఇంటింటికీ వెళ్తున్నారు కాబట్టి అడ్రస్ మారిందా, బ్యాంకు ఖాతా పనిచేస్తోందా, కౌలు కార్డు ఉందా కూడా అడిగేయండి.

లంకమ్మాయి:
చాలా థాంక్స్ అండి. పోయిన ఆదివారం మొదలుపెట్టి 31 ఇళ్లు తిరిగాం. రెండు సమస్యలు వచ్చాయి. అప్పుల మాట ఎత్తగానే మగవాళ్లు ఏమీ లేదనేశారు. రెండోది, చాలామంది "మాకిది అలవాటే, ఏటా చూసేదే" అని నవ్వి పంపించేస్తున్నారు. కానీ పడవల సంగతి అడిగితే మాకే గుండె ఆగినంత పనైంది. ఊళ్లో నాలుగు నాటు పడవలున్నాయని అందరం అనుకుంటున్నాం. రెండు పాడైపోయి రేవులో తిరగేసి ఉన్నాయి, ఒకటి అమ్మేశారు. మిగిలిందొక్కటే.

ఏటిగట్టు:
చూశారా, ఇది ఏ పట్టికా చూపించేది కాదు, నాలుగు పడవలని రాసుకుని సంతృప్తి పడి వచ్చేసేవాళ్లు.

అప్పుల గురించి ఆడవాళ్లని విడిగా, డ్వాక్రా మీటింగు అయ్యాక కూర్చోబెట్టి అడగండి. ఎంత అప్పు అని అడగొద్దు. వరద తర్వాత ఏం తాకట్టు పెట్టారు, అది విడిపించారా అని అడిగితే చెబుతారు, పుస్తెలు పెట్టామని కూడా చెబుతారు. కౌలు రైతులని భూమి ఉన్నవాళ్ల ముందు అడిగితే నోరు విప్పరు, వాళ్లని వేరే పూట కలవండి. అలవాటే అన్నవాళ్లతో వాదించకండి, 2022లో మీ గేదెలకి గడ్డి ఎక్కడిది అని మాత్రం అడగండి. ఒక గేదెకి రోజుకి ఐదారు కిలోల ఎండుగడ్డి కావాలి, పది రోజులకి, ఊళ్లో ఉన్న గేదెలన్నిటికీ కలిపి వాళ్లనే లెక్క వేయమనండి. గడ్డివాము మునిగిన ఇంట్లో పాలు ఆగిపోయాయి, పాలు ఆగితే రోజువారీ డబ్బు ఆగింది, వాళ్లే ఒకటొకటిగా చెప్పుకొస్తారు.

పునరావాస కేంద్రం ఎక్కడ పెడతారో అక్కడికి కూడా ఒకసారి వెళ్లి చూడండి. సహాయ శిబిరాలకి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి, మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్లు, పడుకోవడానికి మూడున్నర చదరపు మీటర్లు, మొదట్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, తర్వాత 20 మందికి ఒకటి. మీ బడిలో మరుగుదొడ్లు ఎన్ని, ఆడవాళ్లకి లోపలినుంచి గడియ ఉందా, రాత్రి దీపం ఉందా? చాలామంది ఆడవాళ్లు కేంద్రానికి వెళ్లకుండా గట్టు మీదే ఉండిపోయేది దీనికే.

లంకమ్మాయి:
గడియ లేదండి. మాకు తెలుసు, అందుకే అమ్మ వెళ్లనంది. సరే, ఇదంతా రాశాక ఎవరికి ఇవ్వాలి? ఇచ్చినా పక్కన పడేస్తే?

రిటైర్డ్ మాస్టారు:
మొత్తం రిపోర్టు ఎవరూ చదవరమ్మా. మూడు కాగితాలు చేయండి. వరదలో ముందుగా తరలించాల్సిన వాళ్ల పేర్లు, నిండు గర్భిణులు, మంచం మీద ఉన్నవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఒక జాబితా, అది ఆశా కార్యకర్త దగ్గరా వి.ఆర్.ఓ. దగ్గరా ఉండాలి, ఊరంతా తిప్పకండి. పంచాయతీ డబ్బుతో అయ్యే పనులు, అంటే బోరు చుట్టూ ఎత్తు దిమ్మె, బడిలో గడియలు, రేవు మెట్లు, ఇవి గ్రామసభలో చదివి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కించమనండి, మినిట్స్‌లో రాశారో లేదో చూసి రండి. కాజ్‌వే ఎత్తు పెంచడం లాంటి పెద్దవి మూడో కాగితం, తహసీల్దారుకి ఇచ్చి రసీదు తీసుకోండి.

పడవ మాత్రం వీటి కోసం ఆపకండి. ఆ తిరగేసినవి రెండూ మే నెలలోపు బాగు చేయించగలరేమో వడ్రంగిని రేపే అడగండి.

లంకమ్మాయి:
అడిగాం. ఒకటి బాగవుతుందంట, రెండోదాని అడుగు పుచ్చిపోయింది. సంఘం పొదుపులోంచి తీద్దామని ఈ రోజు సాయంత్రం మాట్లాడుకుంటున్నాం. మిగతా ఇళ్లు అయ్యాక మళ్లీ రాస్తాను.