బడి బీములో కమ్మీ బయటపడింది, పూత పూస్తే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా పిల్లలు చదివే బడికి రెండు కొత్త గదులు కడుతున్నారు. గది వెడల్పు 22 అడుగులు, అంటే సుమారు 6.7 మీటర్లు. శ్లాబు పోసిన పదో రోజే బీముల కింద సపోర్టులు తీసేశారు. 6 మీటర్లు దాటిన బీముకు 21 రోజులు ఉంచాలని ఐఎస్ 456లో (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ఉంది కదా?

సెంట్రింగ్ విప్పాక చూస్తే, స్తంభం, బీము కలిసేచోట జానెడు మేర కంకర తేలి, తేనెపట్టులా బొక్కలు పడింది. వేలు పెడితే లోపల కమ్మీ తగులుతోంది. పోసిన రోజు కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మధ్యలో ఆగిపోతే కర్రతో పొడిచారు, నేను అక్కడే ఉన్నా. మేస్త్రిని అడిగితే "సిమెంటు పూస్తే కనపడదులే అన్నా" అంటున్నాడు. కనపడకపోవడమే నా టెన్షన్!

ఇప్పటికి సపోర్టులు మళ్ళీ పెట్టించాను, పూత ఆపించాను. బలం పరీక్షకు అదే కాంక్రీటుతో క్యూబులు (నమూనా దిమ్మెలు) పోశారో లేదో ఎవరూ చెప్పడం లేదు. రీబౌండ్ హామర్ టెస్టు (పైన సుత్తి పరికరంతో కొట్టి బలం అంచనా వేసేది) ఒక్కటి చాలా, కోర్ (డ్రిల్ చేసి తీసే కాంక్రీటు ముక్క) కూడా తీయించాలా? తిరుపతిలో ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులు బయటివాళ్ళకు చేసిపెడతాయా, ఖర్చెంత? గ్రౌటింగ్‌తో (బొక్కల్లోకి పల్చటి సిమెంటు మిశ్రమం ఎక్కించడం) సరిచేయవచ్చా, జాకెటింగ్ (చుట్టూ కొత్త కమ్మీ, కాంక్రీటు తొడగడం) దాకా పోవాలా? సైట్లో పనిచేసిన వాళ్ళెవరైనా చెప్పండి.