"దెప్పరమై" అంటే ఆపదా, బరువా?

పద్యప్రియ: రెండు రోజులుగా ఈ పాదం వదలడం లేదు. "దెప్పరమై మీఁదఁ గీడు దెచ్చుర". సుమతీ శతకంలోది, మొదలు "అప్పుగొని సేయు విభవము". 330 కోట్ల మంది బతికే దేశాల్లో చదువు మీదో వైద్యం మీదో పెట్టేదానికంటే వడ్డీలకే ఎక్కువ పోతోందని 2023లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ చెప్పింది. అది చదివినప్పటి నుంచే ఇది మొదలైంది. ఇక్కడ దెప్పరం ఆపదా, మోయలేని బరువా?

అక్షరమాల: ఆపదే. కానీ అసలు పట్టు "మీఁద" దగ్గర ఉంది. పైన అని కాదు, తర్వాత అని. "ఇకమీదట"లో ఉన్న మీదే. అప్పు తెచ్చే ప్రభుత్వం ఒకటి, కట్టే తరం వేరొకటి.

గణయతి: నాకు "విభవము" ముఖ్యం. పద్యం అప్పును తప్పు పట్టలేదు, అప్పుతో చేసే ఆడంబరాన్ని పట్టింది. కాలువ తవ్వడానికి తెస్తే పంటే తీరుస్తుంది.

పద్యప్రియ: కాలువ నీళ్లకు పండిన పంట సొంత డబ్బు తెస్తుంది, బాకీ డాలర్లలో ఉంటుంది. సొంత డబ్బు విలువ పడిపోతే కొత్తగా పైసా తేకపోయినా అప్పు పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసిందంటే డాలర్లు అయిపోయే కదా.

శ్రీనాథప్రియ: బాకీ ఏ నాణెంలో అన్నారు కాబట్టి శ్రీనాథుడి దగ్గరకు రావాలి. చివరి రోజుల్లో గుత్త పొలం బాకీ కట్టలేక అన్నది, "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు". కొంత పంటను కృష్ణా నది తీసుకుపోయింది, తిలలూ పెసలూ పిట్టలు తిన్నాయి. కట్టాల్సిన టంకాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. రాగి అమ్ముకుని డాలర్లు తెచ్చుకునే జాంబియాకు ఆ ధర పడిపోతే వచ్చే కష్టం ఇదే. 2020లో అదీ చెల్లించలేకపోయింది.

అక్షరమాల: మేము చదువుకున్నది "సుంకంబు నేడునూర్లు" అండీ.

శ్రీనాథప్రియ: సుంకం సరుకు మీద వేసేది. ఆయన పట్టింది పొలం గుత్త. వైభవం రోజుల్లో "దీనారటంకాల తీర్థమాడించితి" అన్న నోరది. ఆ టంకమే చివరికి బాకీగా తిరిగొచ్చింది. సుంకం అంటే ఈ దుఃఖం పోతుంది.

గణయతి: దుఃఖం సరే, యతి మాత్రం తేల్చదు. ఎట్లు, ఏడు. రెండు పాఠాలకూ సరిపోతుంది. పైగా పన్ను, శిస్తు అన్నిటినీ కలిపి సుంకం అనడం వాడుకలో లేదా?

శ్రీనాథప్రియ: పన్ను అయితే కరువొచ్చిన ఏడు రాజు తగ్గించవచ్చు. గుత్త ముందే కుదుర్చుకున్న లెక్క. దేశాల అప్పు పత్రం కూడా అంతే, పంట పోయిన ఏడు దానంతట అది తగ్గదు. అందుకే టంకం.

పద్యప్రియ: నా దెప్పరం అక్కడే ఉంది. ఇంకా పుట్టని పిల్లల మీద పడేదాన్ని ఆపద అనాలా, బరువు అనాలా?

గణయతి: దానికి ముందు అదే పద్యంలోని "తప్పరయని నృపు" చూడాలి. తన తప్పు తెలుసుకోని రాజా, జనం తప్పులు విచారించని రాజా?