అప్‌డేట్: విజయవాడ చెస్ టోర్నీ – బుక్‌హోల్జ్ తేడా ఎక్కడొచ్చిందో తేలింది

7 రౌండ్ల స్విస్‌లో (ఎవరూ ఎలిమినేట్ కాకుండా, ప్రతి రౌండులో దగ్గర స్కోరున్నవాళ్లతో ఆడే పద్ధతి) ఇద్దరు పిల్లలు 5.5 పాయింట్లతో సమానమైతే, బుక్‌హోల్జ్‌లో (ఎవరు ముందో తేల్చడానికి, ఆడిన ప్రత్యర్థుల స్కోర్లన్నీ కూడిన మొత్తం) కాగితం లెక్కకీ సాఫ్ట్‌వేర్ లెక్కకీ 2 పాయింట్ల తేడా ఎందుకని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"ప్రత్యర్థుల స్కోర్లు ఒక్కొక్కటిగా పోల్చండి" అన్న సలహాతోనే దొరికింది. ఒక ప్రత్యర్థి 3 రౌండ్లాడి, 1 పాయింటుతో టోర్నీ వదిలేశాడు. కాగితంలో అతనికి 1 వేశారు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమం ప్రకారం, బుక్‌హోల్జ్ కోసం మాత్రం అతను వదిలేసిన 4 రౌండ్లూ డ్రాలే, ఒక్కోదానికి అర పాయింటు. అంటే 1 + 2 = 3. సాఫ్ట్‌వేరే కరెక్టని ఆర్బిటర్ (టోర్నీ రిఫరీ) గారూ చెప్పారు. పాపం, మధ్యలో వెళ్లిపోయినవాడి వల్ల ఆడిన పిల్లాడు నష్టపోకూడదు కదా!

రేటింగ్, రంగుల (తెలుపు, నలుపు పావుల) కేటాయింపులకు దీంతో సంబంధం లేదు. ఇద్దరూ తలపడలేదు కాబట్టి ముఖాముఖి ఫలితమూ పనికిరాలేదు. టై-బ్రేక్ (పాయింట్లు సమానమైతే ఎవరు ముందో తేల్చే పద్ధతుల) వరుసను మాత్రం మొదటి రౌండుకు ముందే నోటీసు బోర్డులో పెట్టించండి.