సముద్రం వైపు బాల్కనీకి ఏ రెయిలింగ్ నిలుస్తోంది? విశాఖవాళ్లు చెప్పండి

నమస్తే. నాది విశాఖే. ప్రస్తుతం లండన్‌లో ఉంటూ ఇళ్లు, ఇంటీరియర్ల మీద ఫ్రీలాన్స్‌గా రాస్తుంటాను. సముద్రానికి ఎదురుగా ఉండే ఫ్లాట్ల బాల్కనీల మీద వ్యాసం శుక్రవారానికి ఇవ్వాలి. రెయిలింగ్ దగ్గరే ఆగిపోయాను.

లాసన్స్ బే కాలనీలో ఉండే మా పిన్ని వీడియో కాల్‌లో వాళ్ల రెయిలింగ్ చూపించింది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్, పెట్టించి రెండేళ్లు. గొట్టం మధ్యలో మెరుపు అలాగే ఉంది గానీ వెల్డింగ్ అతుకుల చుట్టూ, స్క్రూల కింద టీ మరకల్లాంటి మచ్చలు. పాలిష్ పెట్టిస్తే పోయాయట, వానలు వెళ్లాక మళ్లీ వచ్చేశాయి.

316 గ్రేడ్ స్టీల్‌లో మాలిబ్డినం అనే లోహం 2–3 శాతం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకోవాలి. మన బీచ్ రోడ్డు గాలికి అది నిజంగా ఎన్నాళ్లు ఆగుతుందో ఎవరూ చెప్పడం లేదు. షాపులవాళ్లకు ఫోన్ చేస్తే ఎవరి సరుకు వాళ్లు మెచ్చుకుంటున్నారు. ఫ్యాబ్రికేటర్లు పొద్దున తొమ్మిదికి దొరుకుతారు, ఇక్కడ అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. అలారం పెట్టుకుని లేచి చేసినా "సైట్‌లో ఉన్నాం, తర్వాత చేయండి" అనే అంటున్నారు. వాడినవాళ్ల మాట లేకుండా పాఠకులకు ఇది కొనండని రాయడానికి నాకు మనసొప్పడం లేదు, వాళ్లు పెట్టేది కష్టార్జితం.

తీరానికి అర కిలోమీటరు లోపు ఉండేవాళ్లు చెప్పండి: 316 స్టీల్, పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో పట్టించిన) అల్యూమినియం, వీటిలో మీ ఇంట్లో ఏది ఐదేళ్లు దాటినా మచ్చ పడకుండా ఉంది?