చెరువుల్లో పోసే ప్రోబయోటిక్‌కి జన్యు రిపోర్టు అడగాలా?

గరివిడి_పశువైద్యుడు: రొయ్యల చెరువుకైనా, కోళ్ల దాణాకైనా ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా పొడి, కొనేముందు ఆ బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువులున్నాయేమో రిపోర్టు అడగాలంటాను. ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట మీద, ఉంటే పక్క బ్యాక్టీరియాకి పాకిపోగలదు.

భావనపాడు_వనామీ: యాంటీబయాటిక్ మానమన్నది మీరే. మానేసి ఈ పొడి పోస్తన్నాం. ఇప్పుడు దీన్నీ అనుమానించమంటే మేం ఏటెయ్యాలి డాక్టరు బాబూ?

నాగావళి: పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియాలో చాలా రకాల మీద వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఇంక పెరుగూ మానేద్దామా?

గరివిడి_పశువైద్యుడు: అది వాటి పుట్టుక లక్షణం, ఇంకోదానికి అంటదు. నా భయం బయటినుంచి వచ్చి చేరిన జన్యువులతోనే. యూరప్‌లో టోయోసెరిన్ అనే పేరుతో బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాని పశువుల మేతలో ఏళ్లపాటు వాడారు. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌లని తట్టుకునే జన్యువులు బయటపడ్డాక 2013లో అనుమతి నిలిపేశారు. దిద్దుకున్నవాళ్లూ ఉన్నారు. లాక్టోబాసిల్లస్ రూటెరిలో ఒక రకానికి ఇలాంటి జన్యువులున్న ప్లాస్మిడ్లు రెండు ఉంటే, వాటిని తీసేసి కొత్త రకం తయారుచేశామని 2008లో ప్రకటించారు. ఇంకోమాట. ఈ పొడిని బెల్లం, తవుడుతో కలిపి డ్రమ్ములో పులియబెడుతున్నారు కదా, పొట్లంలో ఉన్నదే తెల్లారేసరికి పెరిగిందని నమ్మకం ఏముంది?

భావనపాడు_వనామీ: డ్రమ్ము రోజూ కడుగుతాం.

గరివిడి_పశువైద్యుడు: కడగరని అనలేదన్నా.

భావనపాడు_వనామీ: అన్నట్టే ఉంది! పోయిన పంటకి యాంటీబయాటిక్ ముట్టలేదు. అయినా మందు అవశేషం ఉందని కొన్నోడు కిలోకి రేటు కోసేశాడు. ఈ జన్యువుల మాట బయటికి పొక్కితే రేపు దానికీ కోస్తారు.

పూసపాటిరేగ_కుర్రోడు: మా నాన్నకీ అదే జరిగింది.

గరివిడి_పశువైద్యుడు: అవశేషం వేరు, జన్యువు వేరు. అవశేషమంటే రొయ్యలో మిగిలిన మందు. జన్యువు బ్యాక్టీరియాలో ఉంటుంది, నీళ్లు వదిలితే కాలవలోకి, అక్కణ్నుంచి పక్కోడి చెరువులోకి పోతుంది. మందు ముట్టని మీ చెరువుకీ అలాగే రావచ్చు. అందుకే కొనేటప్పుడే అడగమంటున్నాను.

భావనపాడు_వనామీ: ఎవర్ని అడగమంటారు? పొడి నేను ఏరుకుని కొంటన్నానా? మేత అప్పిచ్చే షాపోడు ఏది ఇస్తే అదే. పట్టుబడి రోజున లెక్కలో పట్టుకుంటాడు. రిపోర్టు చూపించమంటే మర్నాడు మేత ఆపేస్తాడు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటాయి, రొయ్యకి తిండుండదు. మీరు నాకు చెప్పేది ఆడికి చెప్పండి.

గరివిడి_పశువైద్యుడు: అది ఒప్పుకుంటాను. రిపోర్టు లేకుండా సరుకు షాపుకే రాకూడదు. ఆ భారం తయారీదారుడి మీదే ఉండాలి.

భావనపాడు_వనామీ: ఆ ఖర్చూ పొట్లం రేటులోనే కలుపుతాడు.

గరివిడి_పశువైద్యుడు: కలపొచ్చు. అయినా కావాలంటాను.

భావనపాడు_వనామీ: నేనింకా ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడే షెడ్డులోకెళ్లి పొట్లం చూశాను. బాసిల్లస్ అనుంది, గ్రాముకి ఇన్ని కోట్ల బ్యాక్టీరియా అనుంది. అది ఏ బాసిల్లస్సో చెప్పే రకం నంబరు ఎక్కడా లేదు.